గట్టి నేల అని రాసిన చోట

దమయంతిది మార్కాపురం. తండ్రి పలకల క్వారీలో పనిచేసేవాడు. రాయిని ఒకసారి తట్టి చూసి అది ఎటు చీలుతుందో చెప్పేవాడు. ఆ చూపు కూతురికి వచ్చింది. సివిల్ డిప్లొమా చేసి ఒంగోలులో ఒక కాంట్రాక్టరు దగ్గర పదకొండేళ్లు సర్వే పని చేసింది. కాలువ గట్ల మీద ఎండలో నిలబడి కొలతలు తీసేది ఆమె, కాగితాల కింద సంతకం పెట్టేది వేరొకరు. ఒకసారి అడిగింది. “ఆడమనిషి పేరుంటే ఆఫీసులో నమ్మరమ్మా” అన్నాడు కాంట్రాక్టరు. ఆ మాట ఆమె మరిచిపోలేదు. అసలు దమయంతి ఏ మాటా మరిచిపోయే మనిషి కాదు. పెళ్లిపందిట్లో తన రంగు గురించి వెక్కిరించిన ఆడపడుచుతో పంతొమ్మిదేళ్లుగా ‘తిన్నావా’ అన్న ముక్క తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

భర్త రామ్మోహన్‌కు లీక్స్‌లిప్‌లోని చిప్‌ల కర్మాగారంలో ఉద్యోగం వచ్చాక ఐర్లండ్ చేరారు. అద్దెలు కాస్త అందుబాటులో ఉంటాయని మీత్ జిల్లాలోని ఒక చిన్న ఊళ్లో ఇల్లు తీసుకున్నారు. రామ్మోహన్‌ది పన్నెండు గంటల షిఫ్టు. దమయంతి వరసగా ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టింది. ఇక్కడి అనుభవం ఉందా అని ప్రతివాళ్లూ అడిగారు. రెండేళ్లు గడిచేసరికి అడగడమూ మానేశారు. పాత సైకిలు ఒకటి కొనుక్కుని ఊరి చుట్టుపక్కల తిరగడం మొదలుపెట్టింది.

అలా ఒక మార్చి నెలలో కాలువ దాటి రెండు మైళ్లు పోయాక, ఆవుల పొలం వెనక ఒక అడవి కనిపించింది. గేటు దగ్గర బ్రిజిడ్ ఫారెల్ అనే డెబ్బై ఎనిమిదేళ్ల ముసలావిడ దూడలకు పాలు పడుతోంది. ఆ పొలమూ అడవీ ఆమెవే.

“లోపల ఏముంది?” అని అడిగింది దమయంతి.

“కోట, లేక మిగిలిందేదో. నార్మన్లది, ఎనిమిది వందల ఏళ్ల కింద దండెత్తి వచ్చినవాళ్లది. మా ఆయన బతికున్నప్పుడు కూడా ఎవరూ పోయేవాళ్లు కాదు” అంది బ్రిజిడ్. “పోయి చూసుకో అమ్మాయీ, గ్రాండ్, పరవాలేదు. దురదగొండి ఉంటుంది జాగ్రత్త.”

యాష్ చెట్ల మధ్య దారి లేదు. నేలంతా అడవి వెల్లుల్లి. అడుగు వేస్తే ఆకు నలిగి, పోపు వేసినట్టు వాసన కొట్టింది. ముళ్లకంపలు తప్పించుకుంటూ పోగా ఒక మట్టిదిబ్బ, దాని మీద ఐవీ తీగ కమ్మేసిన ఏదో పెద్ద ఆకారం. మొదట అది కూడా చెట్ల గుంపే అనుకుంది. తొడంత లావున్న తీగకాండం పక్కకు చెయ్యి పెడితే చల్లగా రాయి తగిలింది. రాళ్ల మధ్య సున్నం. గోరుతో గీకింది. ఎనిమిది వందల ఏళ్ల సున్నం గోటికి రాలేదు. దమయంతి అక్కడే తడి ఆకుల మీద కూర్చుని, ఆ దేశం వచ్చాక మొదటిసారి, హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఆ తర్వాత వారానికి మూడు రోజులు అక్కడికే. ముప్పై మీటర్ల టేపు, రసమట్టం, తూకం గుండు, గ్రాఫు కాగితాలు సంచిలో వేసుకుని పోయేది. గోడ మందం ఏడడుగులు. దిబ్బ మీది ఆ కోట మేడ నాలుగు మూలలా నిలిచి ఉంది, పైకప్పు లేదు. లోపలికి ఒక్కటే వాకిలి, మనిషి ఒక్కరు పట్టేంత. టేపు అవతలి కొస పట్టుకోవడానికి ఎవరూ లేక గుడారపు మేకును రాళ్ల సందున దిగ్గొట్టి దానికి కట్టేది. కొలిచి, వెళ్లి మేకు పీకి, మళ్లీ ఇంకోచోట కొట్టి, మళ్లీ కొలిచేది. వానలో కాగితం తడిస్తే ఇంటికొచ్చి ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టుకునేది. పదమూడు నెలలు పట్టింది మొదటి షీటు పూర్తవడానికి. మేడ లోపలి నేలంతా మట్టి, గడ్డి, రాలిన రాళ్లు. తట్టి చూసిన నాలుగు మూలలా గట్టిగానే తగిలింది కాబట్టి, ఆ భాగంలో అడ్డగీతలు గీసి ‘గట్టి నేల’ అని రాసింది.

ఆ ఊళ్లో ఆమెకున్న ఒక్క స్నేహితురాలు నీలిమ, కరీంనగర్ పిల్ల. నాలుగిళ్ల అవతల ఉంటుంది. మందుల దుకాణంలో పని. ‘అక్కా’ అంటూ రెండు రోజులకొకసారి వచ్చేది, సర్వపిండి చేసినప్పుడల్లా తెచ్చేది. ఆమె భర్త చక్రధర్ సాఫ్ట్‌వేర్ మేనేజరు, అక్కడి తెలుగు సంఘానికి అధ్యక్షుడు. చెడ్డవాడు అనడానికి లేదు. కొత్తగా వచ్చినవాళ్లకు జీపీని, అంటే ఇంటి డాక్టరును, వెతికిపెట్టడం, లీజు కాగితాలు చదివిపెట్టడం అన్నీ చేసేవాడు. అయితే ఏ పని ఎవరు చేసినా చివరికి మైకు ఆయన చేతిలోనే ఉండేది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఆ దంపతులు టీకి వచ్చారు. భోజనాల బల్ల మీద షీటు పరిచి ఉంది.

“అబ్బ! ఇదంతా మీరే గీసిన్రా?” అన్నాడు చక్రధర్.

“నేనేనండీ.”

“మస్తుంది. సంఘంల పిల్లలకు చూపిస్త. ఒక ఫొటో తీసుకోనా?”

దమయంతి మొహం వెలిగింది. షీటు ముడత పడకుండా నాలుగు మూలలా కప్పులు పెట్టి మరీ ఇచ్చింది. చక్రధర్ ఫోనుతో ఎనిమిది ఫొటోలు తీశాడు.

మే నెలలో ఆమెకు అసలు సంగతి తెలిసింది. మేడకు ఉత్తరం వైపు, దిబ్బ అంచున, ముళ్లకంప నరుకుతుంటే గోడ అడుగున ఒక చిన్న కంత బయటపడింది. టార్చి పట్టుకుని పాక్కుంటూ దూరింది. లోపల నేలమాళిగ. నడుం వంచకుండా నిలబడగలిగింది. పైన కమాను కప్పు. ఆ కప్పు సున్నంలో తడిక అల్లిక అచ్చులు అలాగే ఉన్నాయి. అప్పటి మేస్త్రీలు తడికలు వంచి, వాటి మీద రాళ్లు పేర్చి, సున్నం పోసి కట్టారు. తడికలు ఎప్పుడో కుళ్లిపోయాయి, పుల్ల పుల్లకూ గుర్తు మిగిలింది. దమయంతి వేళ్లతో తడిమింది. తడిమిన వేలు ఒకచోట ఆగిపోయింది. కమాను నడిమిభాగంలో, బిగించి పట్టాల్సిన రాళ్లు ఏడెనిమిది ఊడి కింద పడున్నాయి. ఆ ఖాళీలో చెట్టు వేళ్లు, వాటిని పట్టుకుని మట్టి.

అంటే పైన తాను గట్టి నేల అనుకున్నది జానెడు మట్టి, వేళ్లు. మూలల్లో గట్టిగా తగిలింది కమాను మొదళ్లు కాబట్టి. తాను పదమూడు నెలలు ఆ మట్టి అంచునే తిరిగింది. ఆ రోజు ఇంటికొచ్చి రెండో షీటు మొదలుపెట్టింది. నడుమ ఎర్ర సిరాతో గుండ్రంగా గీసి ‘బోలు, అడుగు పెట్టరాదు’ అని రాసి, తేదీ వేసింది. ఎవరికీ చూపించలేదు, పూర్తయ్యాక చూపిద్దామనుకుంది.

జూన్‌లో జిల్లా గ్రంథాలయంలో స్థానిక చరిత్ర పుస్తకం ఒకటి విడుదల చేస్తున్నారని, చక్రధర్ మాట్లాడతాడని నీలిమ చెప్పి వెంట తీసుకుపోయింది. దమయంతి మూడో వరసలో కూర్చుంది. తెర మీద ఆ పుస్తకంలోని కోట పటం పడింది. కంప్యూటరులో రంగులు వేసి తిరిగి గీసిన పటం. ప్రతి కొలతా తనది. గీత వంకర తిరిగిన చోట వంకర తనది. కింద, ‘కొలతలు, చిత్రణ: చక్రధర్.’

మాటల మధ్యలో ఆయన ఆమె వైపు చెయ్యి చూపించాడు. “మా కమ్యూనిటీ నుంచి దమయంతి గారు వచ్చారు. ఈ పనిలో నాకు టేపు పట్టుకుని సాయం చేశారు” అన్నాడు ఇంగ్లీషులో. అందరూ వెనక్కి తిరిగి నవ్వుతూ చప్పట్లు కొట్టారు. దమయంతి చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

కారు పార్కింగులో అడిగింది. “పేరు మీదెట్లా వేసుకున్నారండీ?”

“అరె, మీరు సీరియస్‌గ తీసుకుంటున్నరు. డిజిటైజ్ చేసింది నేను గద. మూడు వారాలు కూసున్న. అయినా ఇదంత కమ్యూనిటీ కోసం, పేరుదేముంది చెప్పున్రి?”

“ఏమీ లేకపోతే నాది వెయ్యండి మరి.”

చక్రధర్ నవ్వి కారు తాళం నొక్కాడు. “నెక్స్ట్ టైం చూద్దాం లెండి.”

ఇంట్లో రామ్మోహన్ అంతా విన్నాడు. “పోనీలే. మనకెందుకు వాళ్లతో గొడవ? ఉండేదే పది కుటుంబాలు” అన్నాడు.

“మీకేం, మీ జీతం కాగితం మీద మీ పేరే ఉంటది” అంది దమయంతి. గొడవ చేసే ఉద్దేశం ఆమెకు లేదు. గొడవ చేసేవాళ్లు చల్లబడతారు.

ఆగస్టులో దేశమంతా వారసత్వ వారం జరుపుతారు. తెలుగు సంఘం ప్రకటన పంపింది: చక్రధర్ ఆధ్వర్యంలో నార్మన్ కోట నడక, ఆదివారం ఉదయం పదకొండు గంటలకు. దారి పటం జతపరిచారు. దారి మేడ నడుమ ముగుస్తుంది. అక్కడ బాణం గుర్తు, పక్కన ఆమె మాటలే: గట్టి నేల.

దమయంతి ఆ ప్రకటనను మూడుసార్లు చదివింది. ఆయన దొంగిలించింది పాత షీటు. ఎర్ర సిరా ఉన్నది తన పెట్టెలో ఉంది. తాను అబద్ధం ఆడక్కర్లేదు, ఎక్కడా చెయ్యి పెట్టక్కర్లేదు. ఊరుకుంటే చాలు.

ఊరుకుంది. అయితే ఊరికే ఊరుకునే మనిషి కాదు, లెక్క వేసుకుంది. వాకిలి మనిషి ఒక్కరు పట్టేంత. ముందు దూరేది ఆయనే, మైకు వదలడు కనక. తాను రెండో మనిషిగా నిలబడి, గడప మీద అడ్డంగా ఉంటే మూడో మనిషి లోపలికి పోలేరు. పైనుంచి కిందికి ఆరడుగుల తొమ్మిది అంగుళాలు. కింద ఊడిపడిన రాళ్లున్నాయి, తల తగిలితే మనిషి పోతాడు. శుక్రవారం పొద్దున కంతలోంచి పాక్కుంటూ వెళ్లి, ఆ రాళ్లన్నీ ఒక్కొక్కటిగా గోడవారకు దొర్లించింది. రెండు గంటలు పట్టింది. ఎండుటాకులు మోసుకొచ్చి ఆ చోట పోసింది. ఆయన చావడం ఆమెకు అక్కర్లేదు. పడాలి, అందరూ చూడాలి. అంతే.

ఆదివారం పొద్దున ఎండ బాగా కాసింది. ముప్పైమంది దాకా వచ్చారు. పిల్లలు ఇంగ్లీషులో ఐరిష్ యాస తీస్తూ ముందు పరిగెత్తుతుంటే తల్లులు తెలుగులో వెనక్కి పిలుస్తున్నారు. బ్రిజిడ్ ఫారెల్ గేటు తీసి, “ఎంతమంది వచ్చారో చూడు!” అని దమయంతి చెయ్యి పట్టుకుని మురిసిపోయింది. చక్రధర్ మెడలో చిన్న లౌడ్‌స్పీకరు. నీలిమ పసుపురంగు రెయిన్‌కోటు నడుముకు చుట్టుకుని దమయంతి పక్కనే నడిచింది.

“అక్కా, నువ్వు కోపంల ఉన్నవని తెలుసు నాకు. ఆయనతోని నేను మాట్లాడిన. ఇయ్యాల అందరి ముందు నీ పేరు చెప్తనన్నడు.”

దమయంతి ఒక్క క్షణం ఆగింది. “చెప్తానన్నాడా?”

“చెప్పిండు నాకు.”

దిబ్బ ఎక్కేంతవరకూ దమయంతి ఆ పేరు కోసం చెవులు రిక్కించే ఉంది. చక్రధర్ నార్మన్ల గురించి చెప్పాడు, గోడ మందం చెప్పాడు, తూకం గుండు ఎలా పట్టాలో కూడా చెప్పాడు. “ఈ మూల కొలవడానికే నాకు రెండు రోజులు పట్టింది” అన్నాడు. ఆ మూల దగ్గర దమయంతి మోచెయ్యి కొట్టుకుపోయి, ఆ మచ్చ ఇంకా ఉంది. ఆమె జనాన్ని దాటుకుని ముందుకొచ్చి వాకిట్లో నిలబడింది. నీలిమ ఆమె వెన్నంటే ఉంది.

చక్రధర్ లోపలికి అడుగు పెట్టాడు. గోడవార నాలుగు అడుగులు వేసి, నడుమకు తిరిగాడు. సరిగ్గా అప్పుడు దమయంతి నోరు దానంతట అదే తెరుచుకుంది.

“అటు పోవద్దండీ” అంది.

అంది గాని, పక్కవాళ్లకు తప్ప వినపడనంత మెల్లగా అంది. ఆ గొంతు కాలువ గట్టు మీద ఫర్లాంగు అవతలి కూలీలను పిలిచిన గొంతు.

“ఇక్కడ నేల చూడండి, ఎనిమిది వందల ఏండ్ల నుంచి చెక్కుచెదరలేదు” అని చక్రధర్ నడుమకు వెళ్లి బూటు కాలితో గట్టిగా తొక్కాడు.

పెద్ద శబ్దమేమీ రాలేదు. తడి గోనెసంచి చినిగినట్టయింది. మనిషి నడుం దాకా దిగి, చేతులు చాచి, గడ్డి పట్టుకున్నాడు. గడ్డితో సహా లోపలికి పోయాడు. పైనున్న కాకులన్నీ ఒక్కసారి లేచాయి. కింద నుంచి కేక.

వెనక జనం ముందుకు తోసుకొచ్చారు. దమయంతి రెండు చేతులూ వాకిలికి అడ్డంగా చాపింది. ఇప్పుడు గొంతు పూర్తిగా వచ్చింది. “ఎవరూ లోపలికి రావద్దు! నేల బోలు! పిల్లల్ని కిందికి దింపండి. ఎవరైనా ఎమర్జెన్సీకి ఫోన్ చెయ్యండి.”

తర్వాత గోడవారే, కమాను మొదలు మీద బోర్లా పడుకుని, జరుగుతూ పోయి ఆయన పడిన గుంటలోకి తొంగి చూసింది. చక్రధర్ ఆకుల కుప్ప మీద పడి ఉన్నాడు. కుడికాలు చీలమండ దగ్గర తిరిగిపోయి ఉంది. మొహం మట్టి.

“దమయంతి గారూ... కాలు... పైకి తీయున్రి...”

“తీస్తారు. వస్తున్నారు. చక్రధర్ గారూ, ఈ కోట కొలిచిందెవరు?”

“ఏమడుగుతున్నరు మీరు? కాలు విరిగిందండీ!”

“ఎవరు కొలిచారు?”

మూలుగు మధ్యలో చెప్పాడు. “మీరే.”

“వాకిలి దాకా వినపడాలి.”

“దమయంతి గారే!” అని అరిచాడు చక్రధర్. ఆ అరుపు నాలుగు గోడలకూ తగిలింది. “అంత దమయంతి గారే కొలిచిన్రు! నేను కొలవలే!” అని ఏడ్చాడు.

దమయంతికి ఒళ్లంతా వేడిగా, తేలిగ్గా అయింది. ఒంగోలు కాంట్రాక్టరు, ఆడపడుచు, చప్పట్లు కొట్టిన గ్రంథాలయం, అందరూ ఆ గుంటలో ఉన్నట్టూ, అందరూ ఒప్పుకున్నట్టూ అనిపించింది. అలా ఎంతసేపు పడుకుందో ఆమెకు తెలియదు. తర్వాత లేచి, ఉత్తరం వైపు దిగి, కంతలోంచి దూరి ఆయన దగ్గరికి వెళ్లింది. తన చున్నీ చింపి, రెండు కర్రలు పెట్టి, కాలు కదలకుండా కట్టింది. చక్రధర్ ఆమె చెయ్యి వదల్లేదు.

అగ్నిమాపక దళం వచ్చాక, దమయంతి సంచిలోంచి రెండో షీటు తీసి వాళ్ల ముందు పరిచింది. ఏ గోడ బరువు మోస్తుంది, ఏది మొయ్యదు, స్ట్రెచరు ఎటు తియ్యాలి, అన్నీ చూపించింది. ఇరవై నిమిషాల్లో బయటికి తీశారు. వాళ్ల పెద్దాయన షీటు మడిచి ఇస్తూ ఎర్ర గీత పక్కనున్న తేదీ చూశాడు. మే పంతొమ్మిది.

“ఈ సంగతి ఆయనకెవరూ చెప్పలేదా?” అన్నాడు.

“ఆయన నన్నేమీ అడగలేదు” అంది దమయంతి.

ఆయన ఆమె మొహంలోకి ఒకసారి చూసి, షీటు చేతికిచ్చి వెళ్లిపోయాడు. వెనక నిలబడి నీలిమ ఆ తేదీ చూసింది.

చక్రధర్ పది వారాలు పిండికట్టుతో ఉన్నాడు. నన్ను దమయంతి గారే కాపాడారు అని అందరికీ చెప్పాడు. నిజంగానే అలా నమ్మాడో, ఇంకోలా చెప్పే వీలు లేకనో ఎవరికీ తెలియదు. చరిత్ర పుస్తకం వాళ్లు పేరు మార్చి మళ్లీ అచ్చువేశారు. ప్రభుత్వ పురాతన కట్టడాల విభాగం నుంచి ఇద్దరు వచ్చి, తడిక అచ్చులు చూసి, ఆమె షీట్ల నకళ్లు తీసుకుపోయి, పనిని మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం చూపించే నవన్‌లోని ఒక సర్వే ఆఫీసులో వారానికి మూడు రోజుల పని సంపాదించింది.

కోట మాత్రం పోయింది. సెప్టెంబరులో సైకిలు మీద వెళ్తే గేటుకు కొత్త గొలుసు ఉంది. బ్రిజిడ్ బయటికొచ్చింది కాని ఎప్పటిలా చెయ్యి పట్టుకోలేదు.

“ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోవట్లేదు, అమ్మాయీ. నిన్ను కూడా పోనివ్వొద్దన్నారు.” గొలుసు సరిచేస్తూ అంది, “నువ్వు నాకు చెప్పి ఉండాల్సింది. నా ఆవులు కూడా అక్కడికి పోతాయి.”

ఆవుల సంగతి దమయంతి లెక్కలో లేదు. సైకిలు తిప్పుకుంది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం నీలిమ వచ్చింది. చేతిలో ఏమీ లేదు. కుర్చీ లాగినా కూర్చోలేదు.

“అక్కా, ఆయనను పోవద్దన్నవ్. నేను విన్న. నేనొక్కదాన్నే విన్న. అంత మెల్లగ ఎందుకన్నవ్?”

“నీకు ముందే తెలుసు గద?”

“తెలుసు” అంది దమయంతి. అబద్ధం ఆడొచ్చు, ఆడాలనిపించలేదు. “కింద రాళ్లు కూడా తీసేశాను, తల పగలగూడదని.”

నీలిమ కళ్లు పెద్దవయ్యాయి. “రాళ్లు తీసినవా? అంటే అంత ఆలోచించినవా? నాతోని చాయ్ తాగుకుంట?”

“ఆయన నా పదమూడు నెలలు తీసుకున్నాడు నీలిమా.”

“తప్పే. నేను కాదన్ననా? నేను నీ దిక్కే ఉన్న గదక్కా.” ఆ మాట అని నీలిమ వెనక్కి తిరిగింది. తలుపు మెల్లగా దగ్గరకు వేసి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం రామ్మోహన్ షిఫ్టు నుంచి వచ్చేసరికి దమయంతి వంట చెయ్యకుండా బల్ల దగ్గర కూర్చుని ఉంది. జరిగింది మొదటిసారి ఆయనకు మొత్తం చెప్పింది. ఆయన నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టి, “ఆ మనిషి కోసం బాధపడుతున్నావా?” అని అడిగాడు.

“ఆయన కోసమా? లేదు” అంది. “ఆ పిల్ల కోసం.”

మరుసటి ఉగాదికి సంఘం వాళ్లు పిలిస్తే వెళ్లింది. హాలు నిండిపోయింది. ముందు వరసలో చక్రధర్ ఉన్నాడు. కాలు ఇంకా కొంచెం ఈడుస్తున్నాడు. ఆమెను చూడగానే గబుక్కున లేచి తన కుర్చీ ఇచ్చాడు. “కూసోన్రి, కూసోన్రి” అని, తాను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పక్క కుర్చీలోని నీలిమ లేచి వెనక వరసలోకి వెళ్లిపోయింది.

దమయంతి చుట్టూ చూసింది. అందరూ తననే చూస్తున్నారు. కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది.